పొరుగు రాష్ట్రపు కారు

కిందటి నెల ఈ పుటలలో ఊరగాయ జాడీలను గురించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఆ జాడీలుండు గదిలోనే, అటకపై నుండు మరియొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాను. అది పత్రముల పెట్టె. ప్రతి యింటను అది యుండును. దాని తాళపుచెవి మాత్రము మన కొంగున నుండుట యరుదు. మా యింటికి ఒక కారు వచ్చిన తరువాత గాని నాకీ సంగతి పట్టలేదు.

మా బేతంచెర్ల బండల యూరు. నాపరాతిని తవ్వి, కోసి, నునుపు చేసి దూరదేశములకు పంపుటయే ఇచట పెక్కుమందికి జీవనము. అందుచేత మా వీధిన పోవు లారీల పలకలమీద ఎన్నో రాష్ట్రముల అక్షరములు కనబడును. ప్రక్కయింటి పిల్లలు బడిలోకంటె ఈ పలకలను చూచియే ఎక్కువ భూగోళము నేర్చిరి. అట్టి యూరిలో మా వాకిట 'కె.ఏ.' అను అక్షరములతో నొక కారు నిలిచినపుడు ఎవరును వింతపడలేదు. "బెంగుళూరునుంచి చుట్టాలు వచ్చినారా?" అని మాత్రము అడిగిరి. చుట్టములు గారు, ఇది మా యింటి బండియే యని చెప్పితిని. ఏడు నెలలపాటు అది చుట్టముగానే యుండవలసివచ్చునని అప్పుడు నేనెరుగను.

మా అత్తగారికి మోకాళ్లు పట్టివేసి బస్సు మెట్టెక్కుట దుర్లభమైనది. నెల కొకమారు కర్నూలులో వైద్యునికి చూపవలెను. ప్రతిమారును బాడుగబండి పిలుచుటకంటె పాతదైనను ఒక కారు కొనుట మేలని మావారు తలంచిరి. మా అబ్బాయి బెంగుళూరున నుద్యోగము చేయుచున్నాడు. అచట ఆరేండ్ల కారొకటి, ఇచటి వెలకంటె అరువదివేల రూపాయలు తక్కువకు దొరకినది. అమ్మినయామె మన తెలుగామెయే. హిందూపురము ప్రాంతమునుండి ముప్పదియేండ్ల క్రిందట అచటికి కాపురమునకు పోయినది. భర్త పోయి ఏడాది దాటినది. నడుపువారు లేక బండి నమ్మినది. మావాడు సొమ్ము చెల్లించి, ఆమెచేత రెండు కాగితములమీద సంతకములు చేయించుకొని, ఉగాదికి నాలుగు దినములు ముందుగా బండిని తోలుకొని వచ్చెను. "కాగితాల పని నిదానంగా చూసుకొందాంలేమ్మా, ఏడాది గడువుందంట" అనెను.

ఈ ఏడాది గడువు మాట పిమ్మట నేను పదిమంది నోట వింటిని. అందు సగమే నిజము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండి దేశమంతటను చెల్లును. అయితే దానిని మరియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి యుంచినచో అచటి క్రొత్త సంఖ్యకై దరఖాస్తు చేయవలెను. ఇది 47వ సెక్షను. జనులు చెప్పుకొను ఏడాది యిదియే. ఇది తన బండిని తానే వెంటబెట్టుకొని వచ్చిన వానికి పనికివచ్చును గాని, బండి చేతులు మారినపుడు పనికిరాదు. అప్పుడు చూడవలసినది 50వ సెక్షను. దాని ప్రకారము కొన్నవారు ముప్పది దినములలో తాము నివసించు ప్రాంతపు అధికారికి ఆ సంగతి తెలుపవలెను. పొరుగు రాష్ట్రమువారికి అమ్మినవారు నలుబదియైదు దినములలో నిరభ్యంతరపత్రమును పంపవలెను. మేమీ భేదము గ్రహించునప్పటికి ముప్పది దినములు గడచిపోయినవి.

నిరభ్యంతరపత్ర మనగా, ఈ బండి మా రాష్ట్రమును విడిచిపోవుటకు మాకాక్షేపణ లేదని పాత కార్యాలయమువారు వ్రాసి యిచ్చు కాగితము. దానికి 28వ ఫారము పూర్తి చేయవలెను. మా అబ్బాయి పరివాహన్ అను కేంద్రప్రభుత్వపు వెబ్‌సైటులో ఆ పనికి పూనుకొనగనే ముడులు ఒకటొకటిగా బయటపడినవి.

మొదటి ముడి, కార్డుమీది పేరు. అది ఆమె పేరు గాదు. పోయిన భర్త పేరు. ఇంటిలోని బీరువావలె బండియు తనదే యనుకొని ఆమె అమ్మినది. భార్య సంతకము చాలుననుకొని మావాడు కొన్నాడు. యజమాని పోయినపుడు ఆ సంగతి ముప్పది దినములలో కార్యాలయమునకు తెలిపి, మూడు మాసములలో 31వ ఫారముతో బండిని వారసుల పేరికి మార్పించుకొనవలెను. ఆ తరువాత గాని దానిని మరియొకరికి అమ్ముట కుదరదు. రెండవ ముడి, బ్యాంకు. కారుకై తీసిన అప్పు ఆయన బ్రతికియుండగనే తీరినది. కాని కార్డుమీద బ్యాంకు పేరట్లే నిలిచియున్నది. అప్పు తీరుట వేరు, తీరినదని 35వ ఫారముమీద బ్యాంకువారు సంతకము చేసి యిచ్చుట వేరు. మూడవది, దీపము పడినను ఆగకుండ పోయినందుకు పడిన జుల్మానాలు. అవి చెల్లించువరకు యంత్రము దరఖాస్తు నంగీకరింపదు. నాలుగవది, ఈ బండి దొంగతనపు కేసులో లేదని పోలీసువారి నివేదిక. నిరభ్యంతరపత్ర మిచ్చుటకు ముందు అది తెప్పించుకొనవలెనని చట్టమే చెప్పుచున్నది.

నాలుగును విని మావారు, "నడుస్తున్న బండికి ఇన్ని కాగితాలా? అవి వచ్చేదాకా ఇట్లే తిప్పుదాం" అనిరి. నేనును సరేయంటిని. వైశాఖమాసమున ఒకనాడు అత్తగారిని కర్నూలునుండి తెచ్చుచుండగా, ఊరి పొలిమేరలో బండల లారీ యొకటి ఎదురై, మావారు కారును ప్రక్కకు తిప్పిరి. అంచున సైకిలుమీద పోవు కుర్రవాడు జడిసి క్రింద పడెను. దేవుని దయవలన మోకాలు దోకుకొనుటయే గాని మరేమియు కాలేదు. అంతలో చేరిన జనములో నొక పెద్దమనిషి కారు పలక చూచి, "ఇది మన తావు బండి కాదే! రేపు ఏమన్నా అయితే ఎవర్ని పట్టుకోవాల?" అనెను.

ఆ మాట నా చెవిలో నిలిచిపోయినది. నిజమే, ఆ పిల్లవాని కాలు విరిగియుండిన నెవరిని పట్టుకొనవలెను? పుస్తకములలో ఆ బండి చనిపోయిన యొకాయనది. ఆయన పేర వచ్చు కాగితము చేరునది బెంగుళూరిలో ఒంటరిగా నున్న ఆమె గుమ్మమునకే గదా! తక్కువ వెలకు కొన్న సంతోషము ఆనాటితో నాకు పోయినది. మావారు మరునాడు కారుమీద టార్పాలిను కప్పిరి. అత్తగారికి తిరిగి బాడుగబండియే గతియైనది.

ఈ విషయమున మన సుప్రీముకోర్టు రెండు తీర్పులు చెప్పియున్నది. రెండును గృహిణులు తెలిసికొనదగినవి. మొదటిది 2018వ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చినది. ఒక కారు పలుమారులు చేతులు మారినది. కాని కార్యాలయపు పుస్తకములలో మొదటివాని పేరే యుండిపోయినది. 2009లో ప్రమాదము జరిగి ప్రాణము పోయినది. తాను బండి నెన్నడో అమ్మివేసితినని మొదటివాడు మొరపెట్టుకొనెను. పుస్తకములలో పేరున్నవాడే యజమానియనియు, పరిహారపు భారము వానిదేయనియు న్యాయస్థానము నిర్ణయించెను. దెబ్బతిన్నవారు చేతులు మారిన బండివెంట ఇంటింటికి తిరుగరాదు గదా!

రెండవది 2021వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీది. అది సరిగా మా కథవంటిదే. రాజస్థానమునకు చెందిన యొకాయన పంజాబులో క్రొత్త బండి కొనెను. తాత్కాలిక రిజిస్ట్రేషను గడువు 2011 జూలై 19వ తేదీతో తీరినది. ఆయన శాశ్వత రిజిస్ట్రేషను చేయించుకొనలేదు. తొమ్మిది దినముల పిమ్మట జోధపురమున బస యెదుట నిలిపిన బండిని రాత్రివేళ దొంగలెత్తుకొనిపోయిరి. బీమా కట్టియున్నాను గదా యని ఆయన ధైర్యము. కాని చెల్లు రిజిస్ట్రేషను లేని బండిని రహదారిపైకి తెచ్చుటయే బీమా షరతును మీరుట గనుక పరిహార మియ్యనక్కరలేదని సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. పదేండ్లు కోర్టులలో తిరిగినను ఆయనకు ఫలము లేకపోయినది.

బీమా మాట వచ్చినది గనుక మరియొక సంగతి. బండి చేతులు మారినపుడు, దానివలన ఇతరులకు కలుగు నష్టమునకైన బీమా బండితోబాటు కొన్నవారికి సంక్రమించును. మన బండికే కలుగు నష్టమునకైన బీమా అట్లు తనంతట రాదు. కొన్న పదునాలుగు దినములలో బీమా సంఘమునకు దరఖాస్తు చేసి పేరు మార్పించుకొనవలెను. మేమదియు చేయలేదు.

ఇక లాభము లేదని ఒకనాటి మధ్యాహ్నము నేనే ఆమెకు ఫోను చేసితిని. అంతవరకు మాటలన్నియు మా అబ్బాయితోనే జరిగినవి. కుర్రవాడు తొందరపెట్టుట, ఆమె భయపడుట. నా గొంతు విని ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అక్కా, ఆయన ఉన్నప్పుడు ఈ కాగితాల మొగం నేను చూసినదాన్ని కాదు. ఏ అరలో ఏముందో కూడా తెలీదు. మీ అబ్బాయి ఫోను చేస్తే గుండె దడ పుడుతుంది" అనెను.

నేనేమి చెప్పగలను? నా యింటి అరలలో నేమున్నదో నాకు మాత్రము తెలియునా? "చెల్లీ, నాకూ తెలియదు. ఇద్దరమూ కలిసి నేర్చుకొందాం" అంటిని. నాటినుండి వారమునకు రెండుమారులు మాటాడుకొంటిమి. ఆమె అరలు తీసి ఒక్కొక్క కాగితమును చదువును. నేనిచట ఫారములు ముందు పెట్టుకొని అది దేనికి పనికివచ్చునో చూతును. మరణధ్రువపత్రము దొరకినది. వారసుల ధ్రువపత్రము క్రొత్తగా తెచ్చుకొనవలసివచ్చినది. పరవూర నున్న కుమార్తె తనకభ్యంతరము లేదని వ్రాసి పంపినది. బ్యాంకునకు మూడుమారులు తిరిగిన మీదట 35వ ఫారము చేతికి వచ్చినది. 31వ ఫారములో భర్త పోయిన తేది వ్రాయవలసినచోట ఆమె కలము ఆగిపోయినదట. "మీరు ఫోనులోనే ఉండండక్కా, వ్రాస్తాను" అనెను. నేను పలుకక యుంటిని, ఆమె వ్రాసెను.

ఆ శ్రావణమున కార్డు ఆమె పేరికి మారినది. తన పేరచ్చయిన కార్డు తనకున్న మొదటి ఆస్తిపత్రమని ఆమె నవ్వుచు చెప్పెను. దానిని పదిదినములుంచుకొని మాకు వదలివేసినది!

తరువాత నిరభ్యంతరపత్రము. ఇందొక మేలైన నియమము కలదు. దరఖాస్తు అందిన ముప్పది దినములలో అధికారి నిరాకరణమును తెలుపనిచో, ఇచ్చినట్లే భావింపవలెనని 48వ సెక్షను చెప్పుచున్నది. కావున దరఖాస్తు చేసిన రశీదును పారవేయరాదు. అచటి గుమాస్తా యొకడు రేపు రమ్మని పలుమారులు త్రిప్పగా, మా అబ్బాయి ఆ రశీదును, తేదీని చూపి మర్యాదగా నడిగినాడు. పత్రము ఇరువదియారవ దినమున వచ్చినది.

ఇచట మా జిల్లాలో మిగిలిన పని నేను దగ్గరనుండి చూచితిని. అమ్మినామె సంతకము చేసిన 29వ ఫారము, కొన్న మేము వ్రాసిన 30వది, క్రొత్త సంఖ్యకై 27వది, నిరభ్యంతరపత్రము, బీమా, కాలుష్యపత్రము. బండి అడుగున చెక్కియుండు ఛాసిస్ సంఖ్యమీద కాగితము పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయవలెను. ఆ పని నాకప్పగించిరి. మనకు ముగ్గుల అచ్చులు తీయుట అలవాటే గదా! ఇనస్పెక్టరు ఆ సంఖ్యను బండితో సరిచూచెను. ఆపైని జీవితపన్ను. పాత రాష్ట్రమున ఒకమారు చెల్లించినదే యైనను, ఇచట బండి వయస్సును, వెలను బట్టి మరల చెల్లించవలెను. పాత రాష్ట్రపు పన్నులో మిగిలిన కాలమునకు తగిన భాగమును అచటివారిని తిరిగి కోరవచ్చును. ఆ దరఖాస్తు ఇంకను నడచుచున్నది. అన్నియు లెక్క వేయగా, ఆదాయమనుకొన్న అరువదివేలలో చిల్లి కాసు మిగులలేదు.

"ఒకే దేశంలో ఇన్ని తిప్పలేమిటే?" అని మా అత్తగారు విసుగుకొనిరి. ఆమె మేనత్త యిల్లు బళ్లారిలో నుండెడిది. ఆమె పసితనమున బళ్లారియు, కర్నూలును మద్రాసు రాష్ట్రములోనివే. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి కర్నూలు రాజధాని యైనదినముననే బళ్లారి మైసూరునకు పోయినది. మేనత్త యిల్లు కదలకయే పొరుగు రాష్ట్రమునకు పోయినదన్నమాట. 2014 జూను 2వ తేదీన తెలంగాణము వేరగుటతో కర్నూలు ప్రక్కన తుంగభద్ర యావలి యొడ్డును అట్లే యైనది; అచటి బండ్లకు మొదట 'టి.ఎస్.' అనియు, 2024 మార్చినుండి 'టి.జి.' అనియు అక్షరములు వచ్చినవి. మా బేతంచెర్లయు 2022 ఏప్రిల్ 4వ తేదీన కర్నూలు జిల్లానుండి నంద్యాల జిల్లాకు మారినది. గీతలు మారినప్పుడెల్ల మనుష్యులకు చుట్టరికము మారదు గాని, పన్ను వసూలు చేయు ప్రభుత్వము మారును. రహదారిపన్ను రాష్ట్రముల యాదాయము గనుక, బండి ఎచట తిరుగునో అచట పన్ను పడవలెననుటలో న్యాయము లేకపోలేదు.

తరచు బదిలీలగువారికై 2021 సెప్టెంబరు 15వ తేదీనుండి 'బి.హెచ్.' అను భారత్ శ్రేణి వచ్చినది. ఆ సంఖ్యగల బండికి రాష్ట్రము మారినపుడెల్ల క్రొత్త సంఖ్య యక్కరలేదు. పన్ను రెండేండ్ల కొకమారు చెల్లింపవచ్చును. అది సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, నాలుగు రాష్ట్రములలోనైనను కార్యాలయములుగల సంస్థల యుద్యోగులకు మాత్రమే. బండల వ్యాపారము చేసికొను మావంటివారికి లేదు. ఇట్టి యుద్యోగములలో నున్నవారి యిల్లాండ్రు క్రొత్త బండి కొనునపుడు దీనిని జ్ఞాపకము చేయవలెను.

సోదరీమణులారా! పరవూరి బండి చౌకగా వచ్చుచున్నదని మీ యింటివారు చెప్పినపుడు, రంగును, మెత్తలను చూచుటకు ముందు కార్డు చూడుడు. అందలి పేరు అమ్మువారిదేనా? బ్యాంకు పేరు మిగిలియున్నదా? జుల్మానాలు చెల్లినవా? నిరభ్యంతరపత్రము వచ్చువరకు సొమ్ములో కొంత నిలుపుకొనుడు. ఇచట పడు పన్నును ముందే వెలలో కూడి చూచుకొనుడు. మీరమ్మువారైనచో, బండి కదలిపోయినంతనే తీరినదనుకొనవలదు. పుస్తకములలో పేరు మారినదని కంటితో చూచువరకు ఆ బండి మీదే.

మరియొక మాట. 2021వ సంవత్సరమునుండి, యజమాని తన తరువాత బండి యెవరికి చెందవలెనో ఆ నామినీ పేరును రిజిస్ట్రేషనులోనే వ్రాయించుకొనుటకు వీలు కల్పించిరి. దరఖాస్తు వ్రాయునపుడు మావారు ఆ గడిని ఖాళీగా వదలిరి. అశుభమని వారి సంకోచము. నేను బెంగుళూరు చెల్లెలి కలము ఆగిపోయిన సంగతి చెప్పితిని. వారేమియు ననక నా పేరు వ్రాసిరి. అశుభము మాటాడితినని నా కనిపించలేదు.

మహర్నవమినాటికి క్రొత్త పలక వచ్చినది. 2019 జనవరినుండి మా రాష్ట్రమంతటికిని 'ఏ.పి. 39' అను నొకే శ్రేణి పెట్టిరి గనుక, పూర్వము కర్నూలునకున్న 21 సంఖ్య మాకు రాలేదు. ఆయుధపూజ చేసి, చక్రములక్రింద నిమ్మకాయలుంచి, అత్తగారిని ముందు కూర్చుండబెట్టుకొని మద్దిలేటి నరసింహస్వామి దర్శనమునకు పోయితిమి. కొండదారిలో నుండగా ఆ చెల్లెలు ఫోను చేసెను. ఇంటిపన్ను రశీదు, కరెంటు మీటరు, నీటికొళాయి ఇంకను భర్త పేరనే యున్నవనియు, రేపటినుండి వానిని పట్టుకొనెదననియు చెప్పెను.

ఇంటికి రాగానే నేను అటకనుండి మా పెట్టెను దింపించి, మావారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క కాగితమును చదివించుకొంటిని. మూడు రాత్రులు పట్టినది. మీ యింటి పెట్టెను మీరెప్పుడు దింపెదరు?